హాతీరాం సారు మిగిల్చిన ఇరవై రూపాయలు

బానోతు హాతీరాం పిసినారి కాదు. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే రేగులతండాలో ఎవరిని కదిపినా అతను పిసినారనే చెబుతారు. చుట్టం వస్తే కోడిని కోయించేవాడు, ఆశ్రమ పాఠశాలలో తన దగ్గర లెక్కలు నేర్చుకునే పిల్లలకు సొంత డబ్బుతో పెన్సిళ్లు కొనిచ్చేవాడు, చెల్లెలు లాలి పదో తరగతి పాసైన రోజు తండా అంతటికీ లడ్డూలు పంచినవాడు పిసినారి ఎలా అవుతాడు? అతనికి గిట్టనిది ఒక్కటే, ఊరికే పోయే డబ్బు. ఎందుకు పోతోందో తెలియకుండా ఒక్క రూపాయి పోయినా అతనికి ఆ పూట అన్నం సయించదు.

అలాంటి మనిషికి బ్యాంకులవాళ్లు ఇరవై రూపాయల పోటు పెట్టారు.

రెండువేల ఎనిమిది నాటి మాట ఇది. కార్డు ఒక బ్యాంకుది, ఏటీఎం మిషను ఇంకో బ్యాంకుదీ అయితే డబ్బు తీసినప్పుడల్లా ఖాతాలోంచి ఇరవై రూపాయలు కోసుకునేవారు. మణుగూరు బస్టాండు దగ్గర ఒక మిషను ఉండేది గానీ అది హాతీరాం బ్యాంకుది కాదు. అతని బ్యాంకూ దాని మిషనూ గోదావరి వంతెన దాటాక, భద్రాచలంలో ఉన్నాయి. పాసుబుక్కులో మొదటిసారి ఆ కోత చూసినప్పుడు అతను సెలవు పెట్టి మరీ భద్రాచలం వెళ్లి మేనేజరును నిలదీశాడు. మేనేజరు మంచివాడు. కూర్చోబెట్టి, టీ తెప్పించి, అవతలి బ్యాంకు మిషను వాడుకున్నందుకు కిరాయి అనుకోమని ఓపిగ్గా చెప్పాడు. హాతీరాం టీ తాగాడు. కిరాయి సంగతి మాత్రం ఒప్పుకోలేదు. నా చొక్కా నేను తొడుక్కోవడానికి ఇంకొకరికి ఎందుకు కట్టాలని అడిగి బయటికి వచ్చేశాడు.

చిక్కేమిటంటే, తండానుంచి భద్రాచలం పోయి రావడానికి బస్సు కిరాయి ఇరవై కన్నా ఎక్కువే. లెక్కల సారుకు ఇది తెలియకపోలేదు. బాగా ఆలోచించి ఒక ఉపాయం పట్టాడు. తండాలో నెలజీతం తెచ్చే మగవాళ్లు ఇంకొందరున్నారు. ఎక్కువమంది మణుగూరు బొగ్గుగనుల్లో, లాల్‌సింగ్ అటవీశాఖలో వాచరుగా. వాళ్లందరికీ తన బ్యాంకులోనే ఖాతాలు తెరిపించింది హాతీరామే. అందరి కార్డులూ పట్టుకుని తానొక్కడే వెళ్లి అందరి డబ్బూ తెస్తే, బస్సు కిరాయి పోను తండాకు బోలెడు మిగులు కదా అన్నాడు. ఎవరి బస్సు కిరాయీ తాము పెట్టక్కర్లేదు కాబట్టి వాళ్లూ సరేనన్నారు.

అప్పటినుంచి నెలకోసారి కార్డులన్నిటికీ రబ్బరుబ్యాండు వేసి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని అతను బస్సెక్కేవాడు. అన్ని నెంబర్లు గుర్తుంచుకోవడం కష్టమని అందరి కార్డులకూ ఒకే రహస్య నెంబరు పెట్టించాడు. దాంతో అది రహస్యం కాకుండా పోయింది. తండాలో మేకలకు తప్ప అందరికీ ఆ నెంబరు తెలుసు. అయినా ఏనాడూ దొంగతనం జరగలేదు. దొంగతనం చేయాలన్నా ఇరవై రూపాయలు కట్టుకోవాలి, లేదంటే భద్రాచలం పోవాలి. అంత ఓపిక ఎవరికుంది?

తిరిగొచ్చాక అరుగు మీద కూర్చుని, ఈ నెల ఇంత మిగిల్చాం అని అతను గొప్పగా చెప్పేవాడు. ఆ మిగిలిందేదో ఒకసారి తన కళ్లకు చూపించమని అతని భార్య రుక్మిణి అడిగేది. అది చూపించేది కాదు, లెక్కలో ఉంటుంది అనేవాడు. కూరగాయలవాడు లెక్కలో ఉన్నది తీసుకుంటాడేమో అడిగి చూడమనేది ఆవిడ.

అలా రోజులు గడుస్తుండగా తీజ్ పండుగ వచ్చింది.

వానాకాలం నడుమ లంబాడీ తండాల్లో పెళ్లికాని ఆడపిల్లలు చేసుకునే పండుగ ఇది. చిన్నచిన్న బుట్టల్లో ఎరువు కలిపిన మట్టి నింపి, నానబెట్టిన గోధుమలు చల్లి, తండా పెద్ద అయిన నాయక్ ఇంటి ముందు మంచె మీద పెడతారు. తొమ్మిది రోజులూ పిల్లలు వాగు నుంచి నీళ్లు మోసుకొచ్చి, పాడుతూ పోసి, ఆ మొలకలను పెంచుతారు. చివరి రోజు పొద్దుగూకే ముందు బుట్టలు నెత్తిన పెట్టుకుని వాగుకు పోయి నీళ్లలో విడిచిపెడతారు. అప్పుడు అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల కాళ్లు కడిగి, చేతిలో ఎంతో కొంత పెట్టి, దీవించమంటారు. అంతదాకా ఆడిపాడిన పిల్లలంతా అక్కడ బావురుమంటారు. ఎందుకంటే పెళ్లయిన పిల్ల మళ్లీ తీజ్ బుట్ట ఎత్తదు.

లాలికి పెళ్లి కుదిరింది. ఇల్లెందు వైపు పిల్లవాడు, మాఘంలో ముహూర్తం. తండ్రి లేని పిల్ల. తల్లి హేమ్లి కూలికి పోతే అన్న చంకలోనే పెరిగింది. హాతీరాం దాన్ని ఎత్తుకునే ఎక్కాలు చదివాడు, ఎత్తుకునే పరీక్షలకు తయారయ్యాడు. అందుకే లాలికి నడక రాకముందే రెండో ఎక్కం వచ్చిందని తండాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పిల్లకు ఇదే చివరి తీజ్. దాని కాళ్లు కడగడానికి అతను తప్ప ఇంకో తోడబుట్టినవాడు లేడు.

ఇంత తెలిసీ ఆ మనిషి సరిగ్గా ఆ రోజే భద్రాచలం ప్రయాణం పెట్టుకున్నాడు. కారణం లేకపోలేదు. చెల్లెళ్ల చేతిలో పెట్టడానికి అన్నలందరికీ డబ్బు కావాలి. గనుల్లో డ్యూటీలు మానుకుని అందరూ ఇంటిపట్టున దొరికిందీ, కార్డులు చేతికిచ్చిందీ ఆ పొద్దునే. రుక్మిణి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మణుగూరులనే తియ్. ఇయ్యాల ఒక్కనాడు ఇరవై పోతే పోనియ్," అంది.

ఒక్క ఇరవై కాదనీ, అన్ని కార్డులకూ కలిపి చూడమనీ అతను లెక్క చెప్పబోయాడు. అందరి లెక్కా నీకెందుకు, నీది నువ్వు తెచ్చుకో అంది ఆవిడ. ముసలి హేమ్లి మబ్బుల వైపు చూసి, వాగు సంగతి మరిచిపోకు కొడుకా అంది. లాలి నెత్తిన బిందెతో అప్పుడే వాగు నుంచి వస్తోంది. వదినలా వాదించలేదు. దగ్గరికొచ్చి మెల్లగా, "పొద్దుగూకకముందు వస్తవు గద అన్నా?" అని మాత్రం అడిగింది.

"పగటి బువ్వకే ఇంట్ల ఉంట," అన్నాడు హాతీరాం. ఆ మాట అన్నప్పుడు అతను నిజంగానే నమ్మాడు.

భద్రాచలంలో మిషను ముందు పెద్ద వరసే ఉంది. రాముల వారి దర్శనానికి వచ్చినవాళ్లు, పింఛను తీసుకునేవాళ్లు, కాలేజీ పిల్లలు. గోదావరి ఎర్రగా, నిండుగా పారుతోంది గానీ ఇంకా వరద హెచ్చరిక దాకా రాలేదని అందరూ చెప్పుకుంటున్నారు. హాతీరాం వంతు వచ్చింది. మర్యాదస్తుడు కాబట్టి ముందు పక్కవాళ్లవి తీసి, తనది ఆఖర్న తీద్దామనుకున్నాడు. ఒక కార్డు పెట్టాడు, డబ్బు తీశాడు, కాగితంలో చుట్టి పైన పేరు రాశాడు. ఇంకో కార్డు పెట్టాడు. అద్దం తలుపు బయటినుంచి కాపలాదారు పగిడయ్య ఇదంతా చూస్తున్నాడు. దుమ్ముగూడెం వైపు కోయవాడతను, మనిషి నిదానం, కానీ కళ్లు చురుకు. వరసపెట్టి కార్డుల మీద కార్డులు పెడుతున్న మనిషిని చూసేసరికి అతనికి అనుమానం తగిలింది. తక్కిన కార్డులన్నీ అయిపోయి హాతీరాం చేతిలో తన కార్డొక్కటే మిగిలిన సమయానికి తలుపు తీసి, భుజం మీద చెయ్యి వేసి బయటికి తెచ్చాడు.

"గియన్ని ఎవలెవలి కార్డులు?" అని అడిగాడు.

"మా అన్నదమ్ములయి."

పగిడయ్య కార్డుల కట్ట తీసుకుని, దూరంగా పట్టుకుని, ఒక్కొక్క పేరే కూడబలుక్కుని చదివాడు. అందరూ బానోతులే. కార్డుల వంకా హాతీరాం వంకా మార్చి మార్చి చూసి, "మీ అవ్వకు ఇందరు కొడుకులా?" అన్నాడు.

వరసలో ఎవరో ఆడమనిషి కిసుక్కుమంది. హాతీరాం ముఖం కందగడ్డ అయింది. మా అమ్మకు నేనొక్కణ్నే కొడుకుని, కానీ మా తండాలో ఇంటిపేరు ఒకటైతే అందరం అన్నదమ్ములమే, వాళ్ల పిల్లలు నాకు పిల్లలే అని చెప్పాడు. పట్నపు కాపలాదారైతే ఆ మాటకు పోలీసులకు ఫోను చేసేవాడు. పగిడయ్య మాత్రం తల ఊపాడు. వాళ్ల కోయగూడెంలోనూ అంతే, ఒక గట్టువాళ్లంతా, అంటే ఒక వంశంవాళ్లంతా, ఒక తల్లి బిడ్డలే. కార్డులు తిరిగి చేతిలో పెట్టాడు. పెట్టినవాడు ఊరుకోకుండా, మరి ఆ అన్నదమ్ములు ఎవరికి వాళ్లు రావచ్చు కదా అని అడిగాడు.

అలాంటి ప్రశ్న ఎవరో ఒకరు అడగాలని హాతీరాం నెలల తరబడి ఎదురుచూస్తున్నాడు. ఇక చూడాలి. ఇరవై రూపాయల కోత దగ్గర మొదలుపెట్టి, మేనేజరు టీ మీదుగా, బస్సు కిరాయి భాగహారం దాకా వేళ్లు ముడుస్తూ, విప్పుతూ చెప్పుకుపోయాడు. బడిలో కూడా అంత శ్రద్ధగా వినేవాళ్లు దొరకలేదతనికి. వరసలోవాళ్లు ముందుకు కదులుతూనే విన్నారు. ఒక పెద్దమనిషి నిజమే నిజమే అన్నాడు, ఇంకొకాయన పిచ్చివాడు పాపం అన్నాడు, ఇద్దరూ లోపలికి పోయి డబ్బు తీసుకుని వెళ్లిపోయారు. ఉపన్యాసం ముగిసి, తన కార్డు పట్టుకుని హాతీరాం లోపలికి పోయేసరికి మిషనులో డబ్బు అయిపోయింది.

పొద్దుగూకకముందే తీజ్‌లో చెల్లెలి కాళ్లు కడిగి చేతిలో డబ్బు పెట్టాలన్నాడు హాతీరాం. డబ్బు నింపే బండి మధ్యాహ్నానికి రావచ్చు అన్నాడు పగిడయ్య. రోడ్డుకు అవతల ఇంకో బ్యాంకు మిషను ఉంది, అక్కడ ఈగలు తోలుకుంటున్నారు. పగిడయ్య గడ్డంతో అటు చూపించాడు. "అండ్ల తీస్తే ఇరవై కోస్తరు," అన్నాడు హాతీరాం, ఇంతసేపూ నువ్వు విన్నదేమిటన్నట్టు.

అయితే మీ అన్నదమ్ముల డబ్బులోంచి తీసి చెల్లెలికివ్వు, రేపు సర్దుకోవచ్చు అన్నాడు పగిడయ్య. దానికీ హాతీరాం ఒప్పుకోలేదు. చెల్లెలి చేతిలో తన సొంత జీతమే పెట్టాలన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. కాకపోతే ఆ జీతంలోంచి ఇరవై రూపాయలు తగ్గితే అది జీతం కాకుండా పోతుందా అని పగిడయ్య అడగలేదు. అడగాల్సింది.

బండి మధ్యాహ్నానికి రాలేదు. వాన వచ్చింది. భద్రాచలంలో సన్నగానే పడింది గానీ మణుగూరు వైపు ఆకాశం కాటుకలా నల్లబడింది. ఆ నలుపు చూసినప్పుడల్లా హాతీరాం లేచి నిలబడేవాడు, రోడ్డు అవతలి మిషను చూసి మళ్లీ కూర్చునేవాడు. ఇంతసేపు కాచుకున్నాక ఇప్పుడు ఇరవై కడితే ఆ కాచుకున్నదంతా దండగే కదా అనిపించేది. మనిషి మునిగే కొద్దీ ఇలాంటి లెక్కలే తడతాయి. పగిడయ్య తన సద్దిలో సగం పెట్టి, చెల్లెళ్లు ఎదురుచూడటం మంచిది కాదు సారూ అన్నాడు. హాతీరాం తిని, బండి వచ్చే దారి వైపు తిరిగి కూర్చున్నాడు.

బండి వచ్చింది. నింపడం, తాళాలు, సంతకాలు అయ్యేసరికి పొద్దు బాగా వాలింది. హాతీరాం తన డబ్బు తీసి, మిషను ఇచ్చిన చీటీని వెలుతురుకు పెట్టి చూశాడు. కోత లేదు. ఆ చీటీ పగిడయ్యకు చూపించి, డబ్బంతా ప్లాస్టిక్ కవరులో చుట్టి బస్సు కోసం పరుగెత్తాడు. గెలిచానన్న సంతోషం సారపాక దాటేదాకా ఉంది. బూర్గంపాడు దాటాక అద్దాల మీద వాన గట్టిగా కొట్టడం మొదలయ్యేసరికి ఆ సంతోషం కరిగిపోయింది.

మెయిన్‌రోడ్డు మీద దిగి తండాకు పోవాలంటే వాగు దాటాలి. వాగు మీద వంతెన బదులు లోతట్టు చప్టా ఒకటి ఉంది. ఎండాకాలం దానిమీద మేకలు పడుకుంటాయి. ఆ సాయంత్రం చప్టా ఎక్కడుందో కూడా కనపడలేదు. ఎర్రనీళ్లు మొద్దులను దొర్లించుకుంటూ పోతున్నాయి. గట్టున ట్రక్కు తగిలించిన ట్రాక్టరు ఒకటి ఆగి ఉంది. వాగు పొంగినప్పుడల్లా జనాన్ని దాటించి నాలుగు డబ్బులు చేసుకునే పక్క ఊరి ఆసామిది. అప్పటికే అయిదారుగురు ఎక్కి కూర్చున్నారు. తలకు ఇరవై రూపాయలు అన్నాడు డ్రైవరు.

ఇరవై అనే మాట చెవిన పడగానే హాతీరాం ఒళ్లు అతని మాట వినలేదు. "మొన్న పదే తీసుకుంటివి గద?" అనేశాడు.

"మొన్న వాగు మోకాళ్ల దాకనే ఉండె సారూ. ఇయ్యాల టైరు మునుగుతాంది."

వాగు లోతుకీ డీజిలుకీ సంబంధం లేదని హాతీరాం వివరించబోయాడు. డ్రైవరు వినకుండా బండి మొదలుపెట్టాడు. అప్పుడు ఈ సారు ఏం చేశాడో తెలుసా? సంతలో బేరం తెగనప్పుడు అందరూ చేసే పనే చేశాడు. వెనక్కి తిరిగి నాలుగడుగులు నడిచాడు. సంతలోనైతే అమ్మేవాడు వెనక్కి పిలుస్తాడు. ఇతను చెవులు రిక్కించి నడుస్తూనే ఉన్నాడు. పిలుపు రాలేదు. తిరిగి చూసేసరికి ట్రాక్టరు సగం వాగులో ఉంది.

ఇరవై ఇస్తాను, ఆగు అని గొంతు చించుకున్నాడు. వాగు హోరులో అతని గొంతు అతనికే వినపడలేదు.

సరిగ్గా అప్పుడే అవతల డప్పులు మోగాయి. తండా మొత్తం వాగు వైపు వస్తోంది. ముందు నాయక్, వెనక బుట్టలు నెత్తిన పెట్టుకున్న పిల్లలు, అద్దాల పైటలు, వాళ్ల వెనక తలపాగాలు చుట్టుకుని చేతుల్లో నీళ్ల చెంబులు పట్టుకున్న అన్నదమ్ములు. ఆ చెంబులు తప్ప వాళ్ల దగ్గర ఏమీ లేదు. వాళ్ల డబ్బంతా వాగుకు ఇవతల, ప్లాస్టిక్ కవరులో, హాతీరాం చంకలో ఉంది.

లాల్‌సింగ్ ముందుగా అతన్ని చూశాడు. చేతులతో డబ్బు లెక్కపెడుతున్నట్టు సైగ చేశాడు. హాతీరాం కవరు పైకెత్తి చూపించాడు. అన్నలందరి ముఖాలూ విప్పారాయి. ఇంతసేపూ వాళ్లు బెంగపడింది తన కోసమా, కవరు కోసమా అని హాతీరాంకు ఒక్క క్షణం అనుమానం వచ్చింది. ఆ అనుమానం అనవసరం, కవరు కోసమే.

పిల్లలు గట్టు అంచుకు దిగి ఒక్కొక్కరే బుట్టలు నీళ్లలో విడిచారు. ఏడుపులు మొదలయ్యాయి. అన్నలు కూర్చుని కాళ్లు కడిగారు. కడిగి లేచాక చేతిలో ఏదైనా పెట్టాలి కదా. లాల్‌సింగ్ తన చెల్లెలికి వాగు అవతలి గట్టు వేలితో చూపించాడు, నీది అక్కడుంది అన్నట్టు. ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ ఇటు చూసింది. హాతీరాం కవరు ఎత్తి ఊపాడు. తరవాతి అన్న కడిగాడు, వేలు చూపించాడు, హాతీరాం మళ్లీ ఎత్తాడు. ఏడుస్తున్న పిల్లలే నవ్వడం మొదలుపెట్టారు. పొద్దుటి నుంచి మిషను ముందు నిలబడిన మనిషి పొద్దుగూకే వేళకు తానే మిషను అయ్యాడు. ఒక్కటే తేడా, ఎంత నొక్కినా ఇందులోంచి నోటు బయటికి రాదు.

నవ్వనిది లాలి ఒక్కతే. బుట్ట నెత్తిన పెట్టుకుని, నీళ్ల అంచున బురదలో అలాగే నిలబడింది. లాల్‌సింగ్ చెంబు తీసుకుని దగ్గరికి పోయాడు. ఇంటిపేరు ఒకటే, అతనూ అన్నే, కడిగితే తప్పేం లేదు. లాలి తల అడ్డంగా ఊపింది. నాయక్ ఆకాశం వైపు చూపించి ఏదో చెప్పాడు. ఇంకాసేపట్లో చీకటి పడుతుంది, బుట్ట విడవాలి. ఆ పిల్ల మళ్లీ తల ఊపింది.

హాతీరాం ఈదేద్దామా అనుకున్నాడు. ఈత రాదు. నీళ్లలోకి రెండడుగులు దిగితే కింది ఇసుక జారిపోయింది, కొమ్మ పట్టుకుని పైకొచ్చాడు. ఎత్తుకుని తిప్పిన చెల్లెలు, పొద్దున ఒక్క మాట అడిగింది, ఆ ఒక్కటీ చేయలేకపోయాడు. ట్రాక్టరువాడేమో అవతలి గట్టున బండి ఆపి, ఎవరో పెట్టిన బెల్లం చూర్మా తింటూ పండుగ చూస్తున్నాడు. హాతీరాం జేబులోంచి వంద నోటు తీసి జెండాలా ఊపాడు. డ్రైవరు కూడా చెయ్యి ఊపాడు, పండుగ శుభాకాంక్షలు అనుకున్నాడో ఏమో.

అప్పుడు లాలి కదిలింది. నెత్తిన బుట్ట ఒక చేత్తో పట్టుకుని గట్టెక్కి, ట్రాక్టరు దగ్గరికి నడిచింది. ఏదో చెప్పింది. నడుముకున్న అద్దాల సంచిలోంచి ఏదో తీసి ఇచ్చింది. డ్రైవరు చూర్మా చేతిని పంచెకు తుడుచుకుని బండెక్కాడు. తిరిగి వెళ్లి ఆ పిల్ల మళ్లీ బురదలో తన చోట నిలబడింది.

ట్రాక్టరు ఇవతలికి రాగానే హాతీరాం ఎక్కి, వంద నోటు డ్రైవరు ముఖం ముందు పెట్టాడు. చిల్లర కూడా వద్దన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అతని నోట రావడం అదే మొదలు.

"నీ పైసలొద్దు సారూ," అన్నాడు డ్రైవరు. "నీ ఇరవై నీ చెల్లె ఇచ్చింది. మా అన్నను తీసుకరాపో అన్నది."

వాగు దాటినంతసేపూ హాతీరాం తల ఎత్తలేదు. ట్రక్కులో ఇంకెవరూ లేరు. వంద నోటు వానకు తడిసి చేతికి అతుక్కుంది. బేరమాడటానికి ఎవరూ లేక, చెప్పడానికి లెక్కా లేక, చిన్నపిల్లాడిలా ముక్కు ఎగబీలుస్తూ వాగు దాటాడు.

గట్టున అన్నదమ్ములు ఎగబడ్డారు. కవరు మొత్తం లాల్‌సింగ్ చేతిలో పడేసి అతను చెల్లెలి దగ్గరికి నడిచాడు. అన్నను చూసి లాలి బుట్ట దించి నీళ్లలో వదిలింది. పచ్చటి మొలకలు ఒక్క చుట్టు తిరిగి ఎర్రనీళ్లలో కలిసిపోయాయి. ఆ పిల్ల ఒడ్డుకొచ్చి నిలబడింది. మిగతా పిల్లల కాళ్లన్నీ కడిగి తళతళలాడుతున్నాయి, లాలి కాళ్లు మాత్రం పిక్కల దాకా బురద. రుక్మిణి ఒక్క మాట అనకుండా చెంబు తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. ఏమన్నా అని ఉంటేనే బాగుండుననిపించింది హాతీరాంకు.

అతను గొంతుక్కూర్చున్నాడు. డబ్బు నింపే బండి ఆలస్యమైందనీ, నీ ఇరవై రేపు పొద్దున్నే ఇచ్చేస్తాననీ ఏదో గొణిగాడు. లాలి వంగి, చిన్నప్పుడు అతని చంకలో ఉండి పట్టుకున్నట్టే, అన్న చెవి పట్టుకుంది.

"వచ్చే యేడు నేను గీ వాగుకాడ ఉండ గద అన్నా," అంది. "అన్నిటికి లెక్క గడ్తవు. గది లెక్కెయ్యలేదా?"

హాతీరాం చెంబు వంచి కాళ్లు కడిగాడు. చెంబులో నీళ్లు అయిపోయాయి. బురద పోయి పాదాలు తెల్లగా తేలాయి. అందరూ లేచి తండా వైపు కదులుతున్నారు. అతను మాత్రం ఇంకో చెంబు తెమ్మని రుక్మిణికి చెప్పి, కడిగిన పాదాలనే మళ్లీ కడగడం మొదలుపెట్టాడు.